శ్రీలంకకు వానాకాలంలో వెళ్లొచ్చా? అపోహలు - వాస్తవాలు

విశాఖ ద్వారకానగర్‌లో టూర్లు బుక్ చేసే పని నాది. జూన్ వచ్చిందంటే శ్రీలంక గురించి అడిగేవాళ్లు తగ్గిపోతారు. డిసెంబరులో అందరూ ఒకేసారి అడుగుతారు. రెండు సందర్భాల్లోనూ "అక్కడ వానాకాలం ఎప్పుడండీ?" అనే అడుగుతారు. ఏ వైపు అని మాత్రం ఎవరూ అడగరు.

అపోహ: జూన్ నుంచి సెప్టెంబరు దాకా శ్రీలంక అంతా వానలే.

వాస్తవం: ఆ దేశానికి రెండు వానాకాలాలు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులు కొలంబో, బెంటోట, గాలె ఉన్న పడమటి, దక్షిణ తీరాలను తడుపుతాయి. దేశం మధ్యలో రెండున్నర వేల మీటర్ల దాకా లేచిన కొండలు ఆ వానను చాలావరకు తామే తీసేసుకుంటాయి. దాంతో తూర్పున ట్రింకోమలీ, నిలావేలి, పాసికుడా వైపు అప్పుడు మంచి ఎండ, సముద్రం కూడా నెమ్మదిగా ఉంటుంది. అరుగంబేలో సర్ఫింగ్ సీజన్ అదే. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య గాలులు వీస్తాయి, అప్పుడు వాన తూర్పు వైపు వాళ్లది. కేరళలో జూన్ వానలు పడుతుంటే కొలంబోలో కూడా పడతాయనీ, చెన్నై తడిసే రోజుల్లో ట్రింకోమలీ కూడా తడుస్తుందనీ గుర్తుంచుకుంటే చాలు.

నాను ఓయ నుంచి ఎల్ల వైపు వెళ్లే కొండ రైల్లో ఈ తేడా కళ్లారా కనిపిస్తుంది. జులైలో పట్టిపొల స్టేషన్ దగ్గర పొగమంచు, తుంపర. ఆ దేశంలో అన్నిటికంటే ఎత్తైన స్టేషన్ అది, 1,891 మీటర్లు. అక్కడి నుంచి కాసేపటికి రైలు ఒక సొరంగంలోకి వెళ్తుంది. అవతల ఒహియ వైపు బయటపడేసరికి చాలాసార్లు ఎండ కాస్తుంటుంది. 2025 నవంబరు తుపానుకు ఈ లైను బాగా దెబ్బతింది కాబట్టి రైలు ఎక్కడి దాకా నడుస్తోందో కనుక్కున్నాకే టికెట్ కొనండి.

అపోహ: డిసెంబరు సెలవుల్లో అయితే ఎక్కడికైనా భయం లేకుండా వెళ్లొచ్చు.

వాస్తవం: గాలె, మిరిస్సా వైపు అయితే నిజమే. కానీ మన దగ్గర నుంచి చాలామంది అష్టాదశ శక్తిపీఠాల్లో మొదటిదిగా చెప్పుకునే శాంకరీదేవి దర్శనానికి అమ్మానాన్నల్ని తీసుకుని వెళ్తారు. ఆ పీఠం ట్రింకోమలీలో ఉంది. పక్కనే కోణేశ్వరం గుడి సముద్రం మీదికి పొడుచుకొచ్చిన కొండ మీద ఉంటుంది. డిసెంబరులో అక్కడ వానకు గాలి తోడవుతుంది, తడిసిన రాతి మెట్ల మీద పెద్దవాళ్లకు నడక కష్టం. వాళ్లను జూన్, ఆగస్టు మధ్యలో తీసుకెళ్లమనే నేను చెబుతాను. ఎండ మాత్రం మన మే నెల ఎండే, కాబట్టి దర్శనం పొద్దున్నే పెట్టుకోండి. ఆగస్టు, సెప్టెంబరులో మిన్నేరియ చెరువు నీళ్లు తగ్గి పచ్చగడ్డి మొలుస్తుంది. దానికోసం అడవి ఏనుగులు గుంపులుగా దిగుతాయి. అది ట్రింకోమలీ దారికి దగ్గరే, పిల్లలకు తప్పకుండా చూపించండి.

అపోహ: వైజాగ్‌లో పుట్టి పెరిగాం, అలలు మాకు కొత్తా?

వాస్తవం: ఈ మాట వింటే నాకు నిజంగా టెన్షన్. ఆర్కే బీచ్‌లో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లలో ఈత వచ్చినవాళ్లూ ఉన్నారు. నైరుతి కాలంలో హిక్కడువ, ఉనవటున, మిరిస్సా తీరాల్లో పైకి మామూలుగా కనిపించే నీళ్లు మనిషిని ఒడ్డు నుంచి సముద్రం లోపలికి లాగేస్తాయి. కొలంబోలో వాన చాలా రోజులు గంటో రెండు గంటలో కురిసి వెలుస్తుంది, ఎండొస్తుంది, కానీ సముద్రం మాత్రం శాంతించదు. ఎర్రజెండా ఉంటే మోకాలి లోతు కూడా వద్దు. తిమింగలాలు చూడాలంటే మిరిస్సాలో సీజన్ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. ఏడాది మధ్య నెలల్లో అయితే ట్రింకోమలీ నుంచి పడవ ఎక్కండి.

దోమల సంగతి కూడా. వానల్లో డెంగ్యూ ఉంటుంది కాబట్టి ఫుల్ హ్యాండ్స్ చొక్కాలు, దోమల క్రీమ్ పెట్టుకోండి. జ్వరం వస్తే సొంతంగా నొప్పి మాత్రలు వేసుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

అపోహ: దసరా సెలవులకు వానలు తగ్గిపోతాయి, రేట్లూ తక్కువే.

వాస్తవం: అక్టోబరు, నవంబరు రెండు రుతుపవనాల మధ్య కాలం. ఏ వైపు వెళ్లినా మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన రావచ్చు. పైగా బంగాళాఖాతంలో తుపానులు పుట్టే నెలలివి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2025 నవంబరు చివర్లో దిత్వా తుపాను శ్రీలంక కొండ ప్రాంతాల్ని వరదలతో, కొండచరియలతో ముంచెత్తింది, వందలమంది చనిపోయారు. రేటు ఎంత తగ్గినా ఈ రెండు నెలల్లో నువర ఎలియ, ఎల్లలో కొండవాలు మీద బస నేను బుక్ చెయ్యను. సెలవులు అప్పుడే ఉంటే తేదీ మార్చుకునే టికెట్ తీసుకోండి. ఇన్సూరెన్స్ టికెట్‌తో పాటే కొనండి, తుపానుకు పేరు పెట్టాక కొన్న పాలసీ సాధారణంగా ఆ తుపానుకు పనికిరాదు. అక్కడి విపత్తు నిర్వహణ కేంద్రం నంబరు 117. బయల్దేరే ముందే ఇంట్లో అందరి ఫోన్లలో సేవ్ చేయించండి.