స్తంభాలు అన్ని ఎందుకు?

ప్రియమైన చిన్నూ, బుజ్జీ,

పుస్తకంలో గ్రీసు దేశపు పాత గుడి పార్థెనాన్ బొమ్మ చూసి "తాతయ్యా, ఇన్ని స్తంభాలు ఎందుకు?" అని ఫోన్‌లో అడిగారు కదా. ఆ రోజు హడావుడిలో సరిగ్గా చెప్పలేకపోయాను. తీరిగ్గా చదువుకుంటారని రాస్తున్నాను.

ముందు ఒక సుద్దముక్క తెచ్చుకోండి. బల్ల మీద నిలబెట్టి పైనుంచి వేలితో నొక్కండి. ఏమీ కాదు. ఇప్పుడు రెండు చివరలూ పట్టుకుని వంచండి. టప్పున విరుగుతుంది. రాయి కూడా అంతే. నెత్తిన ఎంత బరువు పెట్టినా మోస్తుంది, వంచితే మాత్రం తట్టుకోలేదు. రెండు స్తంభాల మీద అడ్డంగా రాతిదూలం వేస్తే, అది తన బరువుకే మధ్యలో వంగాలని చూస్తుంది. అందుకే గ్రీకులు స్తంభాలను దగ్గర దగ్గరగా నిలబెట్టారు. పార్థెనాన్‌కు ముందు 8, వెనక 8, పక్కల 17 చొప్పున. మూలల్లోవి రెండుసార్లు లెక్కపెట్టకుండా మొత్తం ఎన్నో మీరే చెప్పండి.

ఏథెన్స్‌లో ఆక్రోపోలిస్ కొండ మీద క్రీ.పూ. 447లో ఆ గుడి పని మొదలైంది. ఇక్టినోస్, కాలిక్రేట్స్ అనే వాస్తుశిల్పులు కట్టించారు, శిల్పాల బాధ్యత ఫిడియాస్‌ది. నాకు అన్నిటికంటే ఇష్టమైనది అందులో దాగి ఉన్న వంపు. గుడి అరుగు చదునుగా కనిపిస్తుంది గానీ, పొడవు వైపు మధ్యలో సుమారు 11 సెంటీమీటర్లు ఉబ్బి ఉంటుంది. స్తంభాలు నడుము దగ్గర కాస్త లావెక్కి, లోపలికి కొంచెం వాలి ఉంటాయి. మూల స్తంభాలు మిగతావాటికంటే లావు. అంటే ప్రతి రాయినీ దాని చోటుకు తగ్గట్టు విడిగా చెక్కాలి. ఎంత ఓపికో చూడండి! పక్కనే ఉన్న ఎరెక్తియాన్ గుడి పనికి అయిన ఖర్చు రాతి మీద చెక్కి పెట్టారు. పౌరులూ, పరదేశులూ, బానిసలూ కలిసి పనిచేశారని అందులో తెలుస్తుంది. గొప్ప కట్టడం అనగానే ఆ బానిసలను కూడా తలచుకోవాలి.

ఇంత కష్టపడి బయటివైపే ఎందుకు తీర్చిదిద్దారు? జనం ఉండేది బయటే కాబట్టి. లోపల బంగారం, ఏనుగుదంతం పొదిగిన ఎథీనా దేవి విగ్రహం ఉండేది. బలులు, ఊరేగింపులు అన్నీ ఆరుబయటే. గుడి దేవత ఇల్లు, మన గర్భగుడిలాగా.

రోమన్లకు మాత్రం లోపల జనం పట్టాలి. స్నానశాలలు, సభామందిరాలు కట్టుకునేవాళ్లు వాళ్లు. లోపలంతా స్తంభాలు అడ్డొస్తే ఎలా? అందుకే ఆర్చిని ఆశ్రయించారు. ఆర్చిలో రాళ్లు వంగవు, ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. నిలబెట్టిన సుద్దముక్క గుర్తుంది కదా! ఆర్చిని కనిపెట్టింది వాళ్లు కాదు గానీ, అంత పెద్ద ఎత్తున వాడింది వాళ్లే. మన పాత ఇళ్లకు వాడిన గానుగ సున్నం లాంటి సున్నంలో అగ్నిపర్వతం బూడిద కలిపి కాంక్రీటు చేశారు. అది నీళ్లలో కూడా గట్టిపడుతుంది.

రోమ్‌లోని పాంథియాన్ అనే గుడికి బోర్లించిన గిన్నెలాంటి గోపురం ఉంది, అది ఆ కాంక్రీటుదే. హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, క్రీ.శ. 126 ప్రాంతంలో పూర్తయింది. వెడల్పు 43 మీటర్ల పైమాట, నేల నుంచి కొస వరకు ఎత్తూ అంతే. ఒక్క ఇనుప ఊచ లేదు. కింద బరువైన రాళ్లు కలిపి, పైకి వెళ్లేకొద్దీ తేలికవి కలిపారు. చిట్టచివర నీళ్ల మీద తేలే ప్యూమిస్ రాయి వేశారు. గోడ మందం కింద 6 మీటర్లు, పైన మీటరు చిల్లర. ముందు మండపంలో మాత్రం ఈజిప్టు నుంచి తెచ్చిన గ్రానైట్ స్తంభాలు 16 నిలబెట్టారు. ముఖం గ్రీకుది, లోపల రోమ్.

క్రీ.శ. 609లో దాన్ని చర్చిగా మార్చారు, అందుకే నిలిచింది. పార్థెనాన్‌కు అలా చెక్కుచెదరకుండా నిలిచే అదృష్టం లేదు. అందులో దాచిన తుపాకిమందు 1687 యుద్ధంలో పేలి మధ్యభాగం ఎగిరిపోయింది. మిగిలిన శిల్పాల్లో చాలా లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. తిరిగి ఇమ్మని గ్రీసు అడుగుతూనే ఉంది. ఇచ్చేయాలనే నేనంటాను.

పాంథియాన్ గోపురం నడినెత్తిన గుండ్రటి కన్నం ఉంది. కిటికీలు లేవు, తలుపు దగ్గర తప్ప వెలుగంతా అందులోంచే. వాన కూడా అందులోంచే పడుతుంది! నేల మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా ఉండి, నీళ్లు పోవడానికి 22 చిల్లులు ఉన్నాయి.

స్తంభాలు ఎన్నో లెక్కపెట్టి నాకు జాబు రాయండి.

మీ తాతయ్య