చొక్కా పెట్టె మీది ధరకు కొనేవాడే దిక్కు

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ శ్లాబులు మారాయి. రూ.1,000 దాటిన చొక్కాకు అప్పటిదాకా 12 శాతం పన్ను. ఇప్పుడు రూ.2,500 దాకా 5 శాతమే. పాత ధర రూ.1,999 ఉన్న చొక్కా లెక్క ప్రకారం రూ.1,874కి దిగాలి. మరి మడతపెట్టి పెట్టెలో పెట్టిన చొక్కా మీద ఎమ్మార్పీ అలాగే ఎందుకుందని కొనేవాళ్లు అడుగుతున్నారు. డిస్కౌంటులోనే కలిపేశామని దుకాణదారులు అంటున్నారు. ఆ జవాబుకు ఆస్కారం ఎక్కడ పుట్టిందో చూడాలి.

ప్యాకింగ్ సరుకు మీద ధర, తయారీదారు చిరునామా, నెల, సంవత్సరం ఉండాలన్న నిబంధన 1977 నాటిది. దాని సంగతి తెలిసిందే. అసలు కథ 2011 బడ్జెట్‌తో మొదలైంది. బ్రాండు పేరున్న దుస్తుల మీద 10 శాతం ఎక్సైజు సుంకం, అంటే తయారీ మీద పన్ను, తప్పనిసరి చేశారు. దాన్ని పెట్టె మీద ముద్రించిన చిల్లర ధరలో 60 శాతాన్ని విలువగా తీసుకుని లెక్కగట్టారు. వ్యాపారులు ఆందోళనకు దిగితే ఆ విలువను 45 శాతానికి, మరుసటి ఏడాది 30కి దించారు. 2013లో సుంకం కట్టక్కర్లేని దారి మళ్లీ తెరిచారు. 2016లో రూ.1,000, అంతకు మించిన ధర ఉన్నవాటి మీద సుంకం తిరిగొచ్చింది.

సగం ధరకు అమ్ముకునే చొక్కాకూ ముద్రించిన ధరను బట్టే సుంకమా అన్నది తయారీదారుల బాధ. అది నిజమే. అయితే ఆ పద్ధతిలో కొనేవాడికి ఒక రక్షణ ఉండేది. ధర పెంచి ముద్రిస్తే పన్ను కూడా పెరిగేది. అబద్ధపు ధర వేసుకోవడం ఊరికే అయ్యే పని కాదు.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చి ఆ ముడి విప్పేసింది. ఈ వివాదమంతా అక్కడినుంచి వచ్చిందే. ఇప్పుడు పన్ను అమ్మిన ధర మీదే పడుతుంది. రూ.4,999 అని ముద్రించిన చొక్కాను ఆ ధరకే అమ్మితే 18 శాతం. సగం ధరకు, అంటే రూ.2,499.50కి ఇస్తే 5 శాతమే. పెద్ద అంకె వేసినందుకు వ్యాపారికి పైసా నష్టం లేదు, పైగా 'ఫ్లాట్ 50' బోర్డు పెట్టుకోవచ్చు. అదే ఏడాది జనవరిలో జాతీయ వినియోగదారుల కమిషన్ ఒక విషయం తేల్చింది. ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి కాబట్టి, డిస్కౌంటు ఇచ్చాక మళ్లీ వ్యాట్ కలపడం అన్యాయమని చెప్పింది. కానీ ముద్రించిన ధర నిజమైనదేనా అన్న ప్రశ్న అలాగే మిగిలింది.

ప్యాకింగ్ సరుకు నిబంధనలకు 2022 అక్టోబరులో చేసిన సవరణ ఇంకో తేడా తెచ్చింది. ప్యాకింగ్ లేకుండా విడిగా అమ్మే దుస్తులకు చాలా వివరాల నుంచి మినహాయింపు ఇచ్చింది. ధర, కంపెనీ పేరు, ఫిర్యాదు ఫోన్, సెంటీమీటర్లతో సహా సైజు ఉంటే చాలు. హ్యాంగర్‌కు వేలాడే చొక్కాకు తయారైన నెల అక్కర్లేదు, పక్క అరలో పెట్టెలో ఉన్నదానికి కావాలి. సెంటీమీటర్ల షరతు మాత్రం మంచిదే. ఒక కంపెనీ 40 అంటే ఛాతీ అంగుళాలు, మరో కంపెనీ 40 అంటే కాలర్ సెంటీమీటర్లు. కాలర్‌కు గుండుసూదులు, వెనుక అట్ట ఉన్న చొక్కాను విప్పి తొడిగి చూడనిచ్చే దుకాణాలు ఎన్ని?

కొత్త శ్లాబులకు ముందు, సెప్టెంబరు 9న కేంద్రం పాత స్టాకుపై డిసెంబరు 31 దాకా సవరించిన ధర స్టిక్కర్ వేయవచ్చని, పాత ధర కనబడుతూనే ఉండాలని, పత్రికల్లో ప్రకటన ఇవ్వాలని చెప్పింది. గోదాముల్లో ఉన్న ప్రతి పెట్టెకూ స్టిక్కర్ అంటించడం కుదరదని పరిశ్రమ మొరపెట్టుకుంది. 18వ తేదీకల్లా స్టిక్కర్ ఐచ్ఛికమైంది, పత్రికా ప్రకటన షరతు పోయింది. డీలర్లకు కొత్త ధరల పట్టిక పంపితే చాలన్నారు. ఆ పట్టిక కొనేవాడి కంట పడాలి కదా!

పన్ను తగ్గింపు జనానికి చేరిందో లేదో విచారించేందుకు జీఎస్టీ చట్టంలోనే ఒక ఏర్పాటు ఉంది. కానీ 2025 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఫిర్యాదులు తీసుకోవడం ఆపేశారు. శ్లాబులు మారింది ఆ తర్వాత ఆరు నెలలకు. ఇప్పుడు చొక్కా కొన్నవాడికి ఉన్నది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఫోన్ చేసేముందు బిల్లులో పన్ను 5 శాతమే వేశారో లేదో, అంతకుముందు అదే చొక్కాను ఎంతకు అమ్మారో చూసుకోవాలి.