గొంతుకు చోటు: భజన రికార్డింగు గురించి పిల్లలకు ఉత్తరం

కావలి

చిరంజీవులు పిల్లలందరికీ ఆశీస్సులు.

మీరు పంపిన భజన రికార్డింగు విన్నాను. శ్రుతి, తాళం బాగానే కుదిరాయి గాని, హార్మోనియం అందుకున్నప్పుడల్లా పాట మాటలు తెలియడం లేదు. గొంతు పెంచి పాడారట, దాంతో హార్మోనియం చాలదనిపించి దాన్నీ గట్టిగా వాయించారట. ఆ పోటీకి అంతు ఉండదు. ఇక్కడ కావలసింది ఈక్వలైజర్.

శబ్దం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో చెప్పే కొలత హెర్ట్జ్; అంకె పెరిగేకొద్దీ శబ్దం సన్నబడుతుంది. మన చెవికి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినపడుతుంది. వాల్యూమ్ ఆ మొత్తాన్నీ ఒక్కసారిగా పెంచుతుంది, తగ్గిస్తుంది. ఈక్వలైజర్ అందులో మనం చూపించిన భాగాన్ని మాత్రమే ముట్టుకుంటుంది. రెండు శబ్దాలు ఒకే భాగంలో పడితే గట్టిది మెత్తనిదాన్ని కప్పేస్తుంది. పాటలోని హల్లుల స్పష్టత చాలావరకు 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది, మన చెవి చురుకుదనం కూడా ఆ చుట్టుపక్కలే ఎక్కువ, హార్మోనియం రీడ్ల పదును కూడా అక్కడికే చేరుతుంది. కనుక గొంతును ముట్టుకోకుండా, హార్మోనియానికి 2,500 హెర్ట్జ్ దగ్గర, అటూ ఇటూ కాస్త వెడల్పుగా కలుపుకుని, రెండు మూడు డెసిబెల్స్ (శబ్దం గట్టితనానికి కొలత) తగ్గించి వినండి. విడిగా వింటే హార్మోనియం పలచబడినట్టు ఉంటుంది. దానికి కంగారుపడకండి, వినేవాళ్లెవరూ దాన్ని విడిగా వినరు. ఒక్కదాన్నే వినిపించే సోలో బటన్ నొక్కి ఒక్కొక్కదాన్నీ అందంగా దిద్దుకుంటూ పోవడమే చాలా మిక్సులు, అంటే అన్నీ కలిపి తయారుచేసిన పాటలు, చెడిపోవడానికి కారణమని నా అభిప్రాయం.

గొంతు ట్రాకుకు, అంటే గొంతును విడిగా పట్టిన రికార్డింగుకు, 80 హెర్ట్జ్ దగ్గర హైపాస్ ఫిల్టర్ (ఆ అంకె కింది శబ్దాలను తగ్గించేది) పెడితే ఫ్యాను గాలి, మైకు స్టాండు అదురు చాలావరకు పోతాయి. డోలకు గుమికి అది పెట్టవద్దు. కరెంటు హమ్, అంటే కరెంటు వల్ల వచ్చే మోత, సంగతి వేరు: మన దేశంలో అది 50 హెర్ట్జ్ దగ్గర మొదలై 100, 150 దగ్గర కూడా ఉంటుంది, ఆ ఫిల్టర్ ఒక్కటే చాలదు కాబట్టి ముందు వైర్లు, ఎర్తింగు చూడాలి.

దిద్దిన తరువాత ఈక్వలైజర్‌ను ఆపి, పెట్టి పోల్చండి. అయితే రెండింటి వాల్యూమ్ సమానంగా ఉండాలి, ఎందుకంటే కొంచెం గట్టిగా ఉన్నదే మనకు బాగున్నట్టు అనిపిస్తుంది. వాల్యూమ్ తగ్గేకొద్దీ చెవికి బేస్ (గుమి లాంటి లావు శబ్దం) తక్కువగా వినపడుతుందని ఫ్లెచర్, మన్‌సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చూపించారు. అందువల్ల ఫోన్‌లో చిన్నగా పెట్టి విని, డోలకు వినపడలేదని బేస్ పెంచేస్తే, శ్రీరామనవమి పందిట్లో పెద్ద బాక్సుల మీద అది పాటనే మింగేస్తుంది.

ఇదంతా హార్మోనియం, గొంతు వేరువేరు ట్రాకులుగా ఉంటేనే సాధ్యం. మీరు ఒకే మైకు మధ్యలో పెట్టి పట్టినట్టున్నారు. అందులో హార్మోనియానికి కోసినది గొంతుకూ తెగుతుంది. ఈసారి పాడేవారికి మైకు దగ్గరగా, హార్మోనియానికి మరొకటి పెట్టి, రెండు ఫైళ్లనూ విడివిడిగా పంపండి.

ఇట్లు,
మీ తాతయ్య