స్పోర్ట్స్ బ్యాగులకు మాగ్నెట్లు: అపోహలు - వాస్తవాలు

స్పోర్ట్స్ బ్యాగులు కుట్టడం, పాతవి బాగుచేయడం నా పని. మాగ్నెట్ల సంగతి నా దగ్గర గోల్ఫ్ వాళ్లతో మొదలైంది. గోల్కొండ కోర్సులో, గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్‌లో ఆడేవాళ్లు దూరం చూసే రేంజ్‌ఫైండర్ కోసం ప్రతి షాట్‌కీ జిప్పు తీసి, వేసి విసిగిపోయి, "బ్యాగు పక్కనే టక్కున అతుక్కునేలా పెట్టన్నా" అని అడిగేవారు. తర్వాత టవల్‌కి కూడా కావాలన్నారు. ఇప్పుడు బ్యాడ్మింటన్ పిల్లల తల్లిదండ్రులు, క్రికెట్ అకాడమీల కుర్రాళ్లు కూడా వస్తున్నారు. బాటిల్, గ్లోవ్స్, తాళాలు, ఫోన్ అన్నీ మాగ్నెట్‌తోనే అతుక్కోవాలంటారు.

మాగ్నెట్ అంటే నాకు ఇష్టమే. ఒంటి చేత్తో తీసి, ఒంటి చేత్తో పెట్టేయొచ్చు. వెల్క్రోలా దారప్పోగులు పట్టి పాడవదు, జిప్పులా రన్నర్ ఊడదు. కానీ తప్పుగా పెట్టిన మాగ్నెట్ వల్ల ఖరీదైన వస్తువులు రోడ్డు మీద పడిపోవడం చూస్తూనే ఉన్నాను. ఒకటి రెండు విషయాల్లో అయితే ప్రాణాల మీదికి కూడా వస్తుంది. అందుకే కౌంటర్ దగ్గర నేను రోజూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ప్యాకెట్ మీద 5 కిలోలని ఉంటే 5 కిలోల బరువు ఆపుతుంది.

వాస్తవం: ఆ అంకె అబద్ధం కాదు, కానీ అది ఎలా వచ్చిందో తెలియాలి. మందపాటి, చదునైన ఇనుప పలకకు మాగ్నెట్‌ను నేరుగా ఆనించి, పలక నుంచి తిన్నగా బయటికి లాగుతారు. ఎంత బలానికి ఊడిందో అదే ప్యాకెట్ మీద వేస్తారు. ఆ పరీక్షలో మధ్యన బట్ట ఉండదు, రెక్సిన్ ఉండదు, ఫోమ్ ఉండదు.

మన బ్యాగులో ఏముంటుంది? మాగ్నెట్ మీద ఒక పొర పాలిస్టర్, అతుక్కునే వస్తువు వైపు ఇంకో పొర. రెండూ కలిసి మిల్లీమీటరు దాటాయంటే చిన్న బిళ్ల మాగ్నెట్ బలం సగానికి పడిపోవడం మామూలే. మెత్తగా ఉంటుందని పైన 3 మిల్లీమీటర్ల ఫోమ్ కూడా వేయించుకుంటే అది ఇక పేరుకే మాగ్నెట్. అవతలి వైపు పెట్టే ఇనుప రేకు మరీ పలచగా ఉంటే ఇంకో నష్టం. మాగ్నెట్ బలాన్ని పూర్తిగా పట్టుకునే మందం ఆ రేకుకు ఉండదు, కొంత బలం రేకు వెనక నుంచి వృథాగా పోతుంది.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ దిశ దగ్గర పడుతుంది. బ్యాగు నిలబడి ఉంటుంది, వస్తువు దాని పక్కన వేలాడుతుంది. అంటే బరువు మాగ్నెట్‌ను బయటికి ఊడబెరకడం లేదు, కిందికి జారుస్తోంది. ఆ జారుడును ఆపేది రాపిడి ఒక్కటే. నున్నటి లోహం మీద నున్నటి లోహం ఉన్నప్పుడు తిన్నగా లాగే బలంలో ఐదో వంతుకు మించి ఆశ పెట్టుకోకూడదు. బట్ట ఉంటే రాపిడి కొంచెం నయం, కానీ ఆ బట్ట మందమే బలాన్ని తినేస్తుంది.

లెక్క వేసి చూడండి. 5 కిలోలు బట్ట వల్ల రెండున్నర అయింది. జారుడు దగ్గర అందులో ఐదో వంతు, అంటే అర కిలో. ఇక బ్యాగు భుజాన వేసుకుని బండి మీద స్పీడ్ బ్రేకర్ ఎక్కారనుకోండి. ఆ కుదుపుకు వస్తువు తన బరువుకు రెండు మూడింతలుగా లాగుతుంది. అంటే మీరు ధీమాగా వేలాడదీయగలిగేది ఓ 200 గ్రాములు. రేంజ్‌ఫైండర్ అటూ ఇటూగా ఆ బరువులోనే ఉంటుంది. నిండా నీళ్లున్న లీటరు బాటిల్ కుదరనే కుదరదు.

అందుకే నేను బరువు మోసే పని మాగ్నెట్‌కు ఇవ్వను. వస్తువును సరైన చోటికి లాగి పట్టుకోవడం మాగ్నెట్ పని, మోయడం కుట్టు పని. రేంజ్‌ఫైండర్ ఆనే చోట కింద వేలెడు వెడల్పు అంచు ఒకటి కుడతాను. రేంజ్‌ఫైండర్ ఆ అంచు మీద కూర్చుంటుంది, అది పడిపోకుండా మాగ్నెట్ వెనక నుంచి పట్టుకుంటుంది. అంచు వద్దనే వాళ్లకు పైన పలచటి రబ్బరు పొర వేస్తాను. దాని వల్ల లాగుడు బలం కాస్త తగ్గినా జారుడు బాగా ఆగుతుంది. ఒకే పెద్ద బిళ్ల కంటే కాస్త ఎడంగా రెండు చిన్న బిళ్లలు పెడితే ఇంకా మంచిది, వస్తువు గిర్రున తిరగదు.

అపోహ: ఎన్ 52 రకం బలమైన మాగ్నెట్ వేస్తే చాలు, ఇక దేనికీ భయం లేదు.

వాస్తవం: ఈ వెండి రంగు మాగ్నెట్లు నియోడైమియం, ఇనుము, బోరాన్ కలిపి చేసినవి. 1980ల మొదట్లో జపాన్‌లో మసాటో సగావా, అమెరికాలో జాన్ క్రోట్ దాదాపు ఒకే సమయంలో, ఎవరికి వారుగా వీటిని తయారు చేశారు. చవక హ్యాండ్‌బ్యాగుల మాగ్నెట్ బటన్లలో ఇప్పటికీ ఎక్కువగా కనిపించే నల్లటి ఫెరైట్ వీటి ముందు చాలా బలహీనం. ఎన్ పక్కన ఉండే అంకె ఆ పదార్థం ఎంత శక్తి దాచుకోగలదో చెబుతుంది. సైజు ఒకటే అయితే ఎన్ 35 కంటే ఎన్ 52 లాగే బలం ఇంచుమించు ఒకటిన్నర రెట్లు, అంతే. మధ్యలో ఒక పొర బట్ట తగ్గిస్తే దాదాపు అంత లాభం పైసా ఖర్చు లేకుండా వస్తుంది. మాగ్నెట్‌ను చిన్న ఇనుప కప్పులో కూర్చోబెడితే బలమంతా ముందువైపుకే తిరుగుతుంది, వెనక జేబులో ఉన్న వస్తువులకూ ఇబ్బంది తక్కువ. నా దగ్గర డబ్బు పెడతానంటే గ్రేడ్ మీద కాదు, ఆ కప్పు మీద పెట్టమంటాను.

అపోహ: స్టీల్ బాటిల్ కదా, అతుక్కుంటుంది.

వాస్తవం: మంచి స్టీల్ బాటిల్ చాలావరకు అతుక్కోదు. అడుగున 18/8 అని ఉంటే అందులో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్నట్టు. 304 రకం అంటే అదే. దానికి మాగ్నెట్ పట్టదు. మెడ దగ్గర వంపు తిప్పిన చోటో, అడుగు అంచు దగ్గరో కొంచెం లాగినట్టు అనిపిస్తుంది. లోహాన్ని బలంగా వంచి, సాగదీసినప్పుడు ఆ చోట అలా మారుతుంది. బాటిల్‌ను ఆపడానికి అది చాలదు. నికెల్ లేని 430 రకానికి మాత్రం చక్కగా పడుతుంది. అల్యూమినియం, ఇత్తడి, టైటానియం దేనికీ పట్టదు. బ్యాగుకు ఉండే డి రింగులు, హుక్కులు చాలావరకు జింకు పోత, వాటికీ పట్టదు. జేబులో చిన్న మాగ్నెట్ వేసుకుని షాపుకు వెళ్లి, అతికించి చూసి కొనండి. నాకైతే వస్తువును దుకాణానికి తెచ్చేదాకా పని ఒప్పుకునే అలవాటు లేదు.

అపోహ: మాగ్నెట్ ఉన్న జేబులో ఏటీఎం కార్డు, ఫోన్ పెడితే చెడిపోతాయి.

వాస్తవం: కార్డు వెనక నల్ల గీత మీదే ఆధారపడిన రోజుల్లో ఈ భయానికి అర్థం ఉంది. పాత గీత కార్డులన్నీ 2018 డిసెంబర్ 31 కల్లా చిప్పు కార్డులుగా మార్చాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. చిప్పును మాగ్నెట్ ఏమీ చేయదు, మెట్రో కార్డునూ ఏమీ చేయదు. గీత మీద పనిచేసే హోటల్ గది కార్డులు మాత్రం ఇట్టే చెరిగిపోతాయి. టోర్నమెంట్లకు ఊళ్లు తిరిగేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఫోన్‌లోని ఫొటోలు, నంబర్లు ఎక్కడికీ పోవు. దిక్సూచి తప్పు చూపించవచ్చు, కదలకుండా ఫొటో తీసే కెమెరా లెన్సు తడబడవచ్చు. దూరం జరిపితే చాలావరకు సర్దుకుంటాయి. స్ప్రింగు మీద నడిచే గడియారం ఉంటే దాన్ని మాత్రం దూరంగా పెట్టండి. అయస్కాంతం పట్టిందంటే టైము తేడా వస్తుంది, వాచ్ రిపేరు దగ్గర అది తీయించుకోవాలి.

అపోహ: ఇంత చిన్న మాగ్నెట్ మనిషికేం చేస్తుంది?

వాస్తవం: ఈ ఒక్కటి దయచేసి నిదానంగా చదవండి. గుండెకు పేస్‌మేకర్ లేదా షాక్ ఇచ్చే యంత్రం పెట్టించుకున్నవాళ్లు బలమైన మాగ్నెట్‌ను దానికి దగ్గరగా తేకూడదు. డాక్టర్లు అవసరమైనప్పుడు పైన మాగ్నెట్ పెట్టి పని తీరు మార్చేలాగే ఆ యంత్రాలు తయారవుతాయి. మాగ్నెట్ దగ్గరికి వస్తే పేస్‌మేకర్ మామూలు పద్ధతి వదిలి ఒకే వేగంతో కొట్టవచ్చు. షాక్ యంత్రమైతే అసలు షాక్ ఇవ్వాల్సిన సమయంలో ఇవ్వకుండా ఆగిపోవచ్చు. మాగ్నెట్లున్న ఫోన్లు, వాచీలను ఇలాంటి యంత్రాలకు 6 అంగుళాల దూరంలో, అంటే 15 సెంటీమీటర్ల అవతల ఉంచమని అమెరికాలో మందులు, వైద్య పరికరాలను పర్యవేక్షించే ఎఫ్‌డీఏ 2021లో సూచించింది. బ్యాగు మాగ్నెట్లకూ నేను అదే కొలత పాటిస్తాను.

బ్యాగు పక్కన ఉన్న మాగ్నెట్‌తో కన్నా ఛాతీ మీదుగా వచ్చే బెల్టుకు పెట్టే మాగ్నెట్ బకిల్‌తో ప్రమాదం ఎక్కువ. అది సరిగ్గా యంత్రం ఉన్న చోటే కూర్చోవచ్చు. అందుకని ఛాతీ బెల్టుకు మాగ్నెట్ అడిగిన ప్రతి ఒక్కరినీ, వయసుతో పని లేకుండా, ముందు ఈ ప్రశ్న అడుగుతాను. వినికిడి కోసం ఆపరేషన్ చేసి పెట్టే కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్న పిల్లల గురించి కూడా అడుగుతాను. దాని లోపలే ఒక మాగ్నెట్ ఉంటుంది. అలాంటివాళ్లు డాక్టర్‌ను అడిగాకే ముందుకెళ్లాలి.

రెండోది చిన్నపిల్లలు. బట్ట చిరిగి బయటపడ్డ బిళ్ల మాగ్నెట్లు మెరుస్తూ ముద్దుగా ఉంటాయి. ఒకటి మింగాక ఇంకోటి మింగితే పేగుల్లో వేర్వేరు మడతల నుంచి ఒకదాన్నొకటి లాక్కుని, మధ్యలో చిక్కిన పేగు గోడను నలిపి చిల్లు పెడతాయి. పైకి మామూలు కడుపునొప్పిలాగే ఉంటుంది. మింగారన్న అనుమానం వస్తే చాలు, మలంలో పోతుందిలే అని ఎదురుచూడకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మాగ్నెట్ జేబు కుట్టు కాస్త వదులైనా బ్యాగు తెచ్చేయమని నేను వెంటపడేది ఇందుకే.

అపోహ: మాగ్నెట్ బ్యాగు భుజానికి రక్తప్రసరణ పెంచుతుంది.

వాస్తవం: పెంచదు. రక్తంలో ఇనుము ఉన్నా మాగ్నెట్ లాగేలా ఉండదు. ఆ పేరుతో ఎక్కువ డబ్బు అడిగితే ఇవ్వకండి.

అపోహ: మే నెల ఎండలో కారు డిక్కీలో ఉంచితే మాగ్నెట్ చచ్చిపోతుంది.

వాస్తవం: మామూలు ఎన్ రకానికి పైహద్దు 80 డిగ్రీలు. మూసిన కారులో వేడి భరించలేనంతగా ఉన్నా సాధారణంగా ఆ హద్దు దాకా పోదు. పలచటి బిళ్లలు మాత్రం కొంచెం ముందే నీరసపడతాయి, కాబట్టి ఎండ తగిలే అద్దం కింద బ్యాగు పెట్టకపోవడం మంచిది. అంతకన్నా ముందు కరిగిపోయేది గమ్ము. సొల్యూషన్ పూసి అతికించిన మాగ్నెట్ ఎండకు జారి జేబులో అడుగుకు చేరుతుంది. కస్టమర్ పవర్ పోయిందనుకుంటాడు. విప్పి చూస్తే మాగ్నెట్ గట్టిగానే ఉంటుంది, చోటు మారిందంతే.

మాగ్నెట్‌ను నిజంగా చంపేది హీట్ ప్రెస్. టీమ్ పేరు, జెర్సీ నంబరు వేయడానికి 150 డిగ్రీల దాకా వేడి పెడతారు. మాగ్నెట్ కుట్టిన బ్యాగు మీద ఆ ప్రెస్ దించితే బలం చాలావరకు పోతుంది, చల్లారాక తిరిగి రాదు. పేర్లు ముందు వేయించండి, మాగ్నెట్లు తర్వాత.

అపోహ: పైన నికెల్ పూత ఉంది, తుప్పు పట్టదు.

వాస్తవం: పూత ఉన్నంతవరకే. రెండు మాగ్నెట్లు ఠపీమని కొట్టుకున్న ప్రతిసారీ అంచు దగ్గర పూత పెచ్చులూడే అవకాశం ఉంది. అక్కడి నుంచి చెమట, తడి టవల్ నీళ్లు లోపలికి పోతే పదార్థం పొడిపొడిగా రాలుతుంది. తెల్లటి టవల్ మీద గోధుమరంగు మరక కనిపించిందంటే అప్పటికే పని అయిపోయినట్టు. ప్లాస్టిక్‌లో పూర్తిగా మూసి ఉన్నవి, రబ్బరు తొడుగు ఉన్నవి కొనండి.

విశాఖ, భీమిలి వైపు ఆడేవాళ్లకు ఇంకో తంటా ఉంది. అక్కడి తీరం ఇసుకలో ఇల్మెనైట్, మాగ్నటైట్ లాంటి నల్లటి బరువైన ఖనిజాలు కలిసి ఉంటాయి. బీచ్‌లో బ్యాగు కింద పెట్టి లేపితే మాగ్నెట్ ఉన్న చోట నల్లటి రేణువులు గడ్డంలా మొలిచినట్టు పట్టుకుంటాయి. చేత్తో తుడిస్తే పక్కకు జరిగి మళ్లీ అక్కడికే చేరతాయి. వాటితోనే రేంజ్‌ఫైండర్ అతికిస్తే గీతలు ఖాయం. వెడల్పు టేపు ముక్క అంటించి లాగేస్తే శుభ్రంగా వచ్చేస్తాయి. వాషింగ్ మెషీన్‌లో మాత్రం ఈ బ్యాగులు వేయకండి, చాలా డ్రమ్ములకు మాగ్నెట్ పడుతుంది, లోపల కొట్టుకుని బిళ్ల పగులుతుంది.

అపోహ: మాగ్నెట్ ఉన్న బ్యాగును విమానంలో రానివ్వరు.

వాస్తవం: విమానాల నిబంధనలు చూసేది 2.1 మీటర్ల దూరంలో దిక్సూచి ముల్లును ప్యాకెట్ 2 డిగ్రీలకు మించి కదిలిస్తుందా అని. బ్యాగుకు కుట్టిన నాలుగైదు చిన్న బిళ్లలు ఆ దరిదాపుల్లోకి కూడా రావు.

అపోహ: ఇది పెద్ద పనేం కాదు, ఏ టైలర్ అయినా కుట్టేస్తాడు.

వాస్తవం: కుట్టొచ్చు, తెలిసి కుడితే. సూది ఉక్కుది, మిషన్ బల్ల ఇనుముది. మాగ్నెట్ పక్క నుంచి కుట్టు పోతుంటే సూది అటు వంగి బట్టను ముందుకు జరిపే మిషన్ పళ్లకు తగిలి విరుగుతుంది, బట్ట బల్లకు అతుక్కుని ముందుకు జరగదు. ముందు మూడు వైపులా జేబు కుట్టేసి, మాగ్నెట్‌ను వెదురు పుల్లతో చివరిదాకా తోసి, నాలుగో వైపు మిషన్‌కు ఒంటి పాదం (బట్టను ఒక పక్కనే నొక్కే పాదం) పెట్టి కనీసం రెండు సెంటీమీటర్ల ఎడంగా కుడతాను. రెండు వైపులా మాగ్నెట్లే అయితే ఏ ముఖం ఏ ముఖాన్ని లాగుతుందో ముందే మార్కర్‌తో చుక్క పెట్టుకోవాలి. ఒకటి తిరగబడినా అతుక్కోవాల్సింది నెట్టేస్తుంది. ఒక వైపు మాగ్నెట్, రెండో వైపు రేకు అయితే ఈ బాధే లేదు, లాగే బలం మాత్రం కొంచెం తక్కువ. ఎలా పెట్టినా నాలుగో కుట్టు వేయకముందే అసలు వస్తువు అతికించి, బ్యాగును భుజాన వేసుకుని నాలుగు మెట్లు గబగబా దిగి చూడాలి. పడిపోతే అప్పుడే పుల్లతో బయటికి లాగి మార్చుకోవచ్చు. కుట్టేశాక తెలిస్తే లైనింగ్ మొత్తం విప్పాల్సి వస్తుంది.