బ్రౌన్ తీర్పు, బడుల్లో జాతివివక్ష: అపోహలు - వాస్తవాలు

నేను టెక్సాస్‌లో హైస్కూల్ పిల్లలకి అమెరికా చరిత్ర పాఠం చెప్తాను. క్లాసులో మన తెలుగు పిల్లలూ ఉంటారు. నల్లపిల్లల్ని తెల్లపిల్లల నుంచి విడదీసి వేరు బడుల్లో చదివించడం రాజ్యాంగానికి విరుద్ధమని 1954లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పిందే బ్రౌన్ తీర్పు. వాళ్ళ అమ్మానాన్నలతో మాట్లాడుతుంటే ఈ విషయం మీద కొన్ని మాటలు మళ్ళీ మళ్ళీ వినబడతాయి. అన్నీ పచ్చి అబద్ధాలేం కావు. కానీ డబ్బు లెక్కలు, సరిహద్దు గీతలు ఆ మాటల్లో ఎప్పుడూ కనబడవు. అసలు గొడవంతా నడిచింది వాటి చుట్టూనే.

అపోహ: లిండా బ్రౌన్ అనే నల్లజాతి పిల్ల చదివే బడి అధ్వాన్నంగా ఉంది కాబట్టి వాళ్ళ నాన్న కోర్టుకెక్కాడు.

వాస్తవం: కాన్సాస్ రాష్ట్రం టొపీకాలో లిండా చదివిన మన్రో బడి బాగానే ఉండేది. కట్టడాలు, పాఠాలు, టీచర్ల చదువు తెల్లపిల్లల బడులతో దాదాపు సమానమేనని కింది కోర్టే తేల్చింది. ఇంటికి ఏడు వీధుల దూరంలో సమ్నర్ బడి ఉంది. అది తెల్లవాళ్ళది. అందుకని ఆ పిల్ల రైలు యార్డు పక్కనుంచి నడిచి వెళ్ళి, బస్సెక్కి, దూరంగా ఉన్న మన్రోకి పోవాల్సి వచ్చేది. బడులు సమానంగా ఉన్నా సరే, విడదీయడమే అన్యాయం అని వాదించాలనుకున్న లాయర్లకి ఇది సరిగ్గా కావలసిన కేసు.

అపోహ: అది ఒక తండ్రీ కూతుళ్ళ కేసు.

వాస్తవం: కాన్సాస్, సౌత్ కరోలినా, వర్జీనియా, డెలవేర్, రాజధాని వాషింగ్టన్... ఐదు చోట్ల నుంచి కేసులు వచ్చాయి. వాషింగ్టన్ కేసుకి అదే రోజు విడిగా తీర్పిచ్చారు. నన్నడిగితే వీటిలో ముందు చదవాల్సింది సౌత్ కరోలినాలోని క్లారెండన్ కౌంటీ కథ. అక్కడ తెల్లపిల్లలకి 30 బస్సులు, నల్లపిల్లలకి ఒక్కటీ లేదు. 1947లో లీవై పియర్సన్ అనే రైతు బస్సు ఇప్పించమని అర్జీ పెట్టి, తర్వాత కోర్టుకి వెళ్ళాడు. ఆయన పొలం రెండు స్కూల్ డిస్ట్రిక్టుల (స్థానిక ఆస్తిపన్నుతో బడులు నడిపే ప్రాంతాల) సరిహద్దు మీద ఉంది, పన్ను కట్టేది పిల్లలు చదివే డిస్ట్రిక్టులో కాదు అని చెప్పి కేసు కొట్టేశారు. ఆ తర్వాత ఆయనకి అప్పు పుట్టలేదు. పంట కోయడానికి మిషను అద్దెకిచ్చేవాడు కూడా లేకుండా పోయాడు.

అక్కడి నల్లవాళ్ళు రెండోసారి అర్జీ పెట్టినప్పుడు బస్సుతో ఆగకుండా బడుల సంగతే ఎత్తారు. 1949-50లో ఆ కౌంటీ ఒక తెల్లపిల్లాడి చదువు మీద పెట్టిన ఖర్చు 179 డాలర్లు, నల్లపిల్లాడి మీద 43. ఆ అర్జీ మీద సంతకం పెట్టినవాళ్ళలో హ్యారీ బ్రిగ్స్ పెట్రోలు బంకు ఉద్యోగం పోయింది, ఆయన భార్య ఎలైజాకి మోటెల్‌లో పని పోయింది. జనాన్ని కూడగట్టిన పాస్టర్ జోసెఫ్ డిలేన్ ఇల్లు ముందు కాలిపోయింది, తర్వాత చర్చి తగలబడింది, చివరికి ఆయన రాష్ట్రమే వదిలి పారిపోయాడు. ఊళ్ళో దొర మీద కేసు వేసిన కూలీ గతి ఏమయ్యేదో విన్నవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

అపోహ: పెద్ద పెద్ద లాయర్లే అంతా నడిపించారు, పిల్లలు ఫొటోల్లో ఉన్నారంతే.

వాస్తవం: వర్జీనియా కేసు మొదలుపెట్టింది 16 ఏళ్ళ అమ్మాయి, బార్బరా జాన్స్. ఫార్మ్‌విల్‌లోని మోటన్ హైస్కూల్ 180 మంది కోసం కట్టింది. అందులో 450 మందికి పైగా చదువుతున్నారు. చోటు చాలక, చెక్కలకి తారు కాగితం కొట్టి షెడ్లు వేశారు. వానొస్తే కారేవి. చలికాలంలో పొయ్యి పక్కన కూర్చున్నవాడికి ఉడుకు, మూల కూర్చున్నవాడికి వణుకు. 1951 ఏప్రిల్ 23న, బస్టాండులో మీ బడి పిల్లలు గొడవలో ఇరుక్కున్నారని ఫోన్ చేయించి ప్రిన్సిపాల్‌ని బయటికి పంపేశారు. దొంగ చీటీలతో అందరినీ హాల్లోకి పిలిపించారు. బార్బరా లేచి సమ్మె ప్రకటించింది. నా క్లాసులో పిల్లలు బాగా నవ్వేది ఆ ఫోన్ కాల్ దగ్గరే. వాళ్ళు మొదట అడిగింది మంచి బిల్డింగు. వేరు బడుల పద్ధతి మీదే పోరాడతామంటేనే కేసు తీసుకుంటామని లాయర్లు అన్నారు.

అపోహ: 1954 మే 17న తీర్పు రాగానే బడులు కలిసిపోయాయి.

వాస్తవం: తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్కమాట మీద నిలబడ్డారు, నిజమే. ఏడాది తర్వాత అమలు గురించి ఇచ్చిన రెండో తీర్పులో గడువే పెట్టలేదు. దక్షిణాది రాష్ట్రాలకి అంతకంటే ఏం కావాలి? బార్బరా వాళ్ళ ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ, కలిపి చదివించాల్సి వస్తుందని 1959లో ప్రభుత్వ బడులన్నిటికీ తాళం వేసేసింది. తెల్లపిల్లలకి ప్రైవేటు బడి పెట్టుకున్నారు. నల్లపిల్లల్లో కొందరు బంధువుల ఊళ్ళకి వెళ్ళి చదివారు, చాలామందికి చదువే ఆగిపోయింది. 1963లో విరాళాలతో కొన్ని బడులు తెరిచారు. 1964లో సుప్రీంకోర్టు మళ్ళీ గట్టిగా చెప్పాకే కౌంటీ దిగొచ్చింది. తీర్పొచ్చి పదేళ్ళవుతున్నా దక్షిణాది 11 రాష్ట్రాల్లో తెల్లపిల్లలతో కలిసి చదివే నల్లపిల్లలు నూటికి ఇద్దరు కూడా లేరు. వివక్ష చూపితే కేంద్రం డబ్బు ఆపేస్తామని 1964 పౌరహక్కుల చట్టం అంది. మరుసటి ఏడాది బడులకి కేంద్రం నిధులు పెద్దఎత్తున రావడం మొదలైంది. అప్పుడు కదిలారు.

అపోహ: ఇది దక్షిణాది నలుపు-తెలుపు గొడవ, ఆసియావాళ్ళకేం సంబంధం?

వాస్తవం: 1885లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మేమీ టేప్ అనే చైనీస్ అమ్మాయిని బడిలో చేర్చుకోకపోతే తల్లిదండ్రులు కోర్టులో గెలిచారు. వెంటనే చైనీస్ పిల్లలకి వేరే బడి పెట్టేశారు. 1927లో మిసిసిపీలో మార్తా లమ్ కేసు ఓడిపోయింది. చైనీస్ పిల్లల్ని తెల్లవాళ్ళ బడి నుంచి దూరంగా ఉంచొచ్చని సుప్రీంకోర్టే అంది. కాలిఫోర్నియాలో మెక్సికన్ పిల్లల వేరు బడుల మీద మెండెజ్ కుటుంబం గెలిచింది బ్రౌన్ కంటే ముందే. ఇంకో మాట. దేశాన్ని బట్టి కోటాలు పెట్టిన పాత వలస చట్టం పోయి మనవాళ్ళకి దారి తెరుచుకున్న 1965, ఆ పౌరహక్కుల పోరాటం నడుస్తున్న కాలమే.

అపోహ: బడులు కలిపాక నల్లవాళ్ళకి అంతా లాభమే.

వాస్తవం: టీచర్లని అడగాలి. 1953లోనే టొపీకా సూపరింటెండెంట్ ఒక నల్లజాతి టీచరుకి ఉత్తరం రాశాడు: తెల్లపిల్లలకి మీరు పాఠం చెప్పడం ఊళ్ళో ఎక్కువమందికి ఇష్టముండదు, కాబట్టి తీర్పు వస్తే వచ్చే ఏడాది ఉద్యోగం ఉండకపోవచ్చు అని. దక్షిణాదిలో వేలమందికి అదే జరిగింది. మూతబడ్డవి ఎక్కువగా నల్లవాళ్ళ బడులే.

అపోహ: స్కూల్ రేటింగ్‌కీ ఈ చరిత్రకీ సంబంధం లేదు.

వాస్తవం: ఇల్లు కొనేటప్పుడు మనం మొదట అడిగేది స్కూల్ డిస్ట్రిక్ట్ ఏదని. శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ డిస్ట్రిక్టులో ఎక్కువమంది పేద మెక్సికన్ కుటుంబాలు. అక్కడ వంద డాలర్ల ఆస్తికి 1.05 డాలర్ల పన్ను, అదే ఊళ్ళో డబ్బున్న అలమో హైట్స్‌ డిస్ట్రిక్టులో 85 సెంట్లు. ఎక్కువ రేటుతో పన్ను కట్టినా, 1967-68లో ఎడ్జ్‌వుడ్ పిల్లాడికి దక్కింది 356 డాలర్లు, అలమో హైట్స్ పిల్లాడికి 594. ఇళ్ళ విలువలో అంత తేడా మరి. ఎడ్జ్‌వుడ్ తల్లిదండ్రులు కోర్టుకెళ్తే, 1973లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఇది రాజ్యాంగానికి విరుద్ధం కాదంది. మరుసటి ఏడాది డెట్రాయిట్ కేసులో, శివారు డిస్ట్రిక్టుల తప్పు రుజువు కాకుండా జాతివివక్ష పోగొట్టడానికని వాటి బడుల్ని నగరం బడులతో కలపడం కుదరదని అదే 5-4తో చెప్పింది.

ఎడ్జ్‌వుడ్ వాళ్ళు వదల్లేదు. 1989లో టెక్సాస్ సుప్రీంకోర్టులో, రాష్ట్ర రాజ్యాంగం కింద గెలిచారు. దాని వెనకాలే 1993లో వచ్చింది, డబ్బున్న డిస్ట్రిక్టుల పన్నులో కొంత పేద డిస్ట్రిక్టులకి మళ్ళించే, మనవాళ్ళు పార్టీల్లో తిట్టుకునే రాబిన్‌హుడ్ చట్టం. డాలస్ పక్కన ప్లేనో లాంటి చోట్ల మనం కట్టే ప్రాపర్టీ టాక్స్‌లో కొంత బయటికి పోవడం అక్కడే మొదలైంది.