సూరేకారం, గంధకం, బీడు: ఇంట్లో మతాబులు కట్టిన రోజులు ఎలా పోయాయి

ప్రతి దీపావళికీ పెద్దవాళ్ళు ఒక మాట అంటుంటారు, మా రోజుల్లో మందు మేమే కూరుకునేవాళ్ళం అని. ఊరికే గొప్పలు కాదండీ అవి, కోస్తా జిల్లాల్లో ఒక తరం పిల్లలకి చేత్తో చేసి నేర్చుకున్న మొదటి కెమిస్ట్రీ నిజంగా అదే.

దసరా సెలవుల్లోనే మొదలయ్యేది హడావిడి. సూరేకారం, గంధకం కొట్లో దొరికేవి, సిసింద్రీలకైతే జిల్లేడు బొగ్గు వాళ్ళే కాల్చుకునేవాళ్ళు, పాత పేపర్లు ఉడికించిన మైదాతో అంటించి గొట్టాలు చుట్టేవాళ్ళు, చిచ్చుబుడ్లకి మట్టి బుడ్లు వేరే తెచ్చుకునేవాళ్ళు. దేనికది విడిగా నూరాలి, కలిపి నూరితే వీపు పగిలేది. పల్చటి గుడ్డలో జల్లించి, ఎండబెట్టి, పాళ్ళు కలిపి ముందు ఒక్కటంటే ఒక్కటి కూరి సాయంత్రం వెలిగించి చూసేవాళ్ళు, పొగ కక్కి ఊరుకుంటే ఒక లెక్క, బుస్సుమని ఒక్కసారే అయిపోతే ఇంకో లెక్క, దాన్నిబట్టి మర్నాడు పాళ్ళు మార్చేవాళ్ళు. సూరేకారం వేడికి ఆక్సిజన్ ఇస్తుంది, గంధకం త్వరగా అంటుకుంటుంది, బొగ్గు మండుతుంది, పోత ఇనుము పొడి, అదే బీడు రజను, బంగారు పూలు పూయిస్తుంది, అల్యూమినియం పొడి వేస్తే తెల్లటి వెలుగు. ఈ మాటలేవీ తెలియకుండానే పిల్లలకి ఆ లెక్క పట్టుబడేది, నాకు ఇందులో అన్నిటికంటే విలువైంది అదే అనిపిస్తుంది.

అలాగని అది ఆటవస్తువు అనట్లేదు. చేతులు కాల్చుకున్నవాళ్ళు, కళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. అసలు పుట్టి ముంచింది మాత్రం సూరేకారంలాగే ఆక్సిజన్ ఇచ్చే పొటాషియం క్లోరేట్. గంధకంతో కలిస్తే దానికి నిప్పు కూడా అక్కర్లేదు, రాపిడో దెబ్బో చాలు, గంధకంలో కాస్త ఆమ్లం ఉన్నా దానంతట అదే అంటుకోవచ్చు. అందుకే కేంద్ర ప్రభుత్వం 1992లో క్లోరేటు, గంధకం కలిసిన మందు తయారుచేయడమే నిషేధించింది, ఆ నిషేధం నూటికి నూరుపాళ్ళు సరైనదే. దెబ్బకి పేలే మందు ఎంత పని చేస్తుందో 2024 దీపావళి రోజు ఏలూరులో చూశాం కదా, ఉల్లిపాయ బాంబుల సంచి పట్టుకెళ్తుంటే బండి గుంతలో పడింది, అంతే, ఒక మనిషి అక్కడికక్కడే పోయాడు, పక్కనున్నవాళ్ళకీ గాయాలయ్యాయి.

కానీ ఇళ్ళల్లో మందు కూరడం ఆగిపోయింది చట్టం వల్ల అని నేననుకోను, పేలుడు పదార్థాల చట్టం 1884 నుంచీ ఉంది మరి. శివకాశి డబ్బా ఊరూరికీ వచ్చాక నెల రోజులు నూరి ఎండబెట్టే ఓపిక ఎవరికుంటుంది, పిల్లలకీ చదువుల ఒత్తిడి పెరిగింది, భయం ఆ తర్వాత వచ్చి మిగతాది పూర్తిచేసింది. 2018లో సుప్రీంకోర్టు బేరియం లవణాలు వాడొద్దంది, ఆకుపచ్చ వెలుగు ఇచ్చేది అవే, దీపావళికి రాత్రి 8 నుంచి 10 వరకే కాల్చాలంది. అప్పటికే టపాకాయ కొనుక్కునే వస్తువు అయిపోయింది.

సరే, ఇల్లు మానేసింది, మరి బడి అందుకోవాలి కదా. అందుకోవచ్చని చూపించినవాళ్ళు మన దగ్గరే ఉన్నారు, 1988లో మొదలైన సైన్సు ప్రచార సంస్థ జన విజ్ఞాన వేదిక వాళ్ళు ఊళ్ళల్లో పొటాషియం పర్మాంగనేటు మీద గ్లిజరిన్ చుక్కలు వేసి అగ్గిపుల్ల లేకుండా మంట తెప్పించి, బాబాల మహిమ ఇదేనని జనానికి చూపించేవాళ్ళు. జింకు ముక్క మీద హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి, వచ్చిన హైడ్రోజన్‌కి మంట చూపిస్తే టప్‌మనే ప్రయోగం పదో తరగతి పుస్తకంలోనే ఉంది, దానికి గట్టి కళ్ళద్దాలు, పక్కన టీచర్ ఉంటే చాలు.

2013లో యాసిడ్ దాడుల కేసులో సుప్రీంకోర్టు యాసిడ్ అమ్మకాల మీద కట్టడి పెట్టింది, ఆ దాడులు చూశాక పెట్టక తప్పదు. విద్యాసంస్థలకి కూడా చెప్పింది, వాడకానికి రిజిస్టర్ ఉండాలి, ఒకరు బాధ్యులుగా ఉండాలి, ల్యాబ్ నుంచి బయటికొచ్చే పిల్లల్ని తనిఖీ చేయాలి అని. వీటిలో ఒక్కటి కూడా ప్రయోగం మానెయ్యమనలేదు. చాలా బళ్ళు మాత్రం తేలిక దారి చూసుకున్నాయి, బీరువాకి తాళం వేసి, సమీకరణం బోర్డు మీద రాసి, రికార్డులోకి ఎక్కించుకోమంటున్నాయి.