నంబరు పడని దావా: రిటర్న్, రిజెక్ట్ వెనుక కథ

తెలుగు రాష్ట్రాల సివిల్ కోర్టుల్లో ప్లెయింటు (దావా పత్రం) దాఖలు చేయగానే దానికి ఓఎస్ (ఒరిజినల్ సూట్) నంబరు, అంటే దావా నంబరు, రాదు. ముందు ఎస్సార్ అనే తాత్కాలిక నంబరు వేసి ఆఫీసు వాళ్లు పరిశీలిస్తారు. లోటు కనిపిస్తే కాగితం మీదే రాసి వెనక్కిస్తారు. షెడ్యూలులో రెండో ఐటమ్‌కు సరిహద్దులు లేవు, కోర్టు ఫీజు ఏ సెక్షన్ కింద లెక్కగట్టారో రాయలేదు, దావా గడువులో ఎలా ఉందో చెప్పండి, ఇలా ఉంటాయి ఆ అభ్యంతరాలు. వకీలు వాటిని సరిచేసి మళ్లీ పెడతారు. "రిటర్న్ పడింది" అన్న మాట చెవిన పడగానే కక్షిదారుకు మాత్రం కేసు పోయిందేమోనని టెన్షన్.

పోలేదు. ఆఫీసు రిటర్న్ వేరు. సివిల్ కోర్టులు నడిచే తీరు చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఏడో ఆర్డర్ (అధ్యాయం లాంటిది), పదో రూల్ కింద జడ్జి ప్లెయింటును వాపసు ఇవ్వడం వేరు. పదకొండో రూల్ కింద తిరస్కరించడం ఆ రెండింటికీ దూరం. ఈ మెట్లన్నీ ఒక్కసారిగా కట్టినవి కావు.

గుమ్మం దగ్గర మొదట లేచిన అడ్డు డబ్బుది. 1793లో గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ బెంగాల్‌లో కోర్టు ఫీజులు ఎత్తేశాడు. దావాలు కుప్పలుగా పేరుకుపోయాయి. రెండేళ్లు తిరక్కుండానే, 1795లో, ఊరికే దావాలు వేసేవాళ్లను ఆపడానికంటూ ఫీజు మళ్లీ పెట్టారు. ఆ రెగ్యులేషన్ పీఠికను తర్వాతి కాలంలో మెకాలే దుమ్మెత్తిపోశాడు. మెకాలేతో ఏకీభవించాల్సి రావడం అరుదు గానీ, ఇక్కడ తప్పదు. ఫీజు దొంగ దావానూ నిజమైన దావానూ వేరు చేయలేదు, డబ్బున్నవాణ్నీ లేనివాణ్నీ మాత్రమే వేరు చేస్తుంది. అయినా ఆ ఆలోచన చట్టంలో నిలిచిపోయింది. ఫీజు కట్టలేనివాళ్ల కోసం సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ముప్పై మూడో ఆర్డర్ పెట్టారు. 1976 సవరణ దాకా వాళ్లను చట్టం 'పాపర్' (నిరుపేద) అనే పిలిచింది.

దేశానికి తొలి సివిల్ ప్రొసీజర్ కోడ్ 1859లో వచ్చింది. 1877లో, 1882లో తిరగరాశారు. ఇప్పుడున్నది 1908 నాటిది, 1909 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అందులోని పదకొండో రూల్ నాలుగు కారణాలు చెప్పింది. దావాకు కారణమే కనిపించకపోవడం, కోరిన ఉపశమనం విలువ తక్కువ చూపి కోర్టు చెప్పినా సరిచేయకపోవడం, కోర్టు ఫీజు స్టాంపు చాలకపోవడం, దావాను ఏదో ఒక చట్టం నిషేధించడం. కాలదోషం పట్టిన దావా ఈ చివరి దాంట్లోకే వస్తుంది. విలువ, స్టాంపు విషయంలో ముందు గడువు ఇవ్వాలి, ఆ లోపు సరిచేయకపోతేనే తిరస్కరించాలి. ప్లెయింటుకు రెండో ప్రతి జతచేయకపోయినా తిరస్కరించవచ్చని 1999 సవరణ చేర్చింది, అది 2002 జులై 1న అమల్లోకి వచ్చింది. ఇంత చిన్న లోటుకు అంత పెద్ద శిక్షా అనిపిస్తుంది.

తిరస్కరిస్తే దారి మూసుకుపోయినట్టేనా అంటే, కాదు. పదమూడో రూల్ ప్రకారం అదే కారణం మీద కొత్తగా దావా వేయవచ్చు, గడువు మిగిలి ఉంటే. తిరస్కరణ చట్టం దృష్టిలో డిక్రీతో సమానం కాబట్టి అప్పీలూ ఉంది.

పదో రూల్ కథ వేరే. ఇక్కడ దావాలో తప్పుండదు, తప్పు గుమ్మం తొక్కడమే తప్పు. జడ్జి దాఖలైన తేదీ, వాపసు ఇచ్చిన తేదీ, కారణం ప్లెయింటు మీద రాసి సరైన కోర్టుకు వెళ్లమంటారు. నిజాయితీగా, శ్రద్ధగా నడిపిన దావా అయితే తప్పు కోర్టులో గడిచిన కాలాన్ని దావాల గడువులు చెప్పే లిమిటేషన్ చట్టం 14వ సెక్షన్ లెక్కలోంచి తీసేస్తుంది. కానీ పాత కోర్టులో సాక్ష్యం దాకా వచ్చిన కేసైనా కొత్త చోట మొదటి నుంచి మొదలు కావాల్సిందేనని సుప్రీంకోర్టు 2020లో ఈఎక్స్‌ఎల్ కెరీర్స్ కేసులో తేల్చింది.

అసలు గొడవంతా 'కారణం కనిపించకపోవడం' అన్న మొదటి క్లాజు చుట్టూనే. 1977లో అరివందందం కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. అద్దె జాగా ఖాళీ చేయాలన్న ఉత్తర్వు హైకోర్టులోనూ ఖాయమయ్యాక, దాన్ని తప్పించుకోవడానికి వేసిన కొత్త దావా అది. తెలివైన రాతతో లేని కారణాన్ని ఉన్నట్టు భ్రమింపజేస్తే మొగ్గలోనే తుంచేయాలని జస్టిస్ కృష్ణయ్యర్ దిగువ కోర్టులకు గట్టిగా చెప్పారు.

ఆయన ఆ మాట జడ్జిలకు చెప్పారు. అందిపుచ్చుకున్నది ప్రతివాదులు. విచారణ ముగిసేలోపు ఎప్పుడైనా ప్లెయింటును తిరస్కరించమని దరఖాస్తు వేసుకోవచ్చని, ప్లెయింటులోని మాటలే చూడాలి తప్ప ప్రతివాది జవాబు చూడకూడదని 2002లో సలీం భాయ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రెండో మాట వాదికి రక్ష. మొదటిది సాగదీతకు సందు. దరఖాస్తు కొట్టేస్తే ప్రతివాది ఆ ఉత్తర్వును సరిచూడమంటూ (రివిజన్) హైకోర్టుకు వెళ్తాడు, స్టే వచ్చిందంటే కింద దావా అక్కడే ఉంటుంది. పనికిరాని దావాలను ఏరేయడానికి పుట్టిన రూల్, పనికొచ్చే దావాలను ఆపడానికీ బాగానే పనికొస్తోంది.

కొత్త అడ్డు వాణిజ్య దావాలది. అత్యవసర ఉపశమనం అడగని వాణిజ్య దావాకు ముందుగా మధ్యవర్తిత్వానికి వెళ్లాలని 2018 సవరణ పెట్టింది. అది తప్పనిసరి అనీ, వెళ్లకపోతే ప్లెయింటు తిరస్కరించాల్సిందేననీ 2022లో పాటిల్ ఆటోమేషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక అవసరం ఉన్నా లేకున్నా ఒక మధ్యంతర పిటిషన్ జతచేసి ఈ మెట్టు దాటేసే ప్రయత్నాలు వచ్చాయి. ఆ అత్యవసరం నిజమా, ముసుగా అన్నది కోర్టు చూడాలని 2023లో యామినీ మనోహర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.